భయం కథ ఎవరి వైపు నుంచి?

ఫ్రాంకెన్‌స్టైన్ నవల 1818లో వచ్చింది. జెకిల్, హైడ్‌ల కథ 1886లో, అదృశ్య మానవుడూ డ్రాక్యులా ఇద్దరూ 1897లో, 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' 1898లో వచ్చాయి. సినిమా మాటలు నేర్వకముందు నుంచీ ఇలాంటి కథలను తీస్తూనే ఉన్నారు, ఇప్పటికీ తీస్తున్నారు. కోటలో ఉన్న దొర ఎవరో, ప్రయోగశాల బల్ల మీద కదిలేది ఏమిటో, మందు తాగిన డాక్టరు ఎవరిగా మారతాడో టికెట్ కొనేముందే ప్రేక్షకుడికి తెలుసు. తెలియకపోవడమే భయానికి మూలమైతే ఇన్నిసార్లు చెప్పిన కథ ఎవరినీ భయపెట్టకూడదు. అయినా కొన్ని సినిమాలు భయపెడుతున్నాయి, ఎక్కువ సినిమాలు భయపెట్టలేకపోతున్నాయి. తీసే ప్రతివారూ ఈసారి కొత్త కోణంలో చెబుతున్నామనే అంటారు. ఆ హామీని పరీక్షించడానికి ఒక్క ప్రశ్న చాలు: ఈసారి ప్రేక్షకుణ్ని ఎవరి పక్కన కూర్చోబెట్టారు? కథా కాలాన్ని ముందుకు జరిపినా, లండన్‌ని న్యూయార్క్ చేసినా, గ్రాఫిక్స్ పెంచినా కథ పాతగానే ఉండిపోవచ్చు. ఎవరికి ఏం తెలుసు, ఎవరి మాటను ఎవరూ నమ్మరు అన్న లెక్క మారినప్పుడే అది కొత్తదవుతుంది. ఇంకో షరతు కూడా ఉంది. ఆ మారిన చోటు పాత కథలో ముందే ఉండాలి. మూల రచయిత గుమ్మం దాకా తెచ్చి, నోరు విప్పనివ్వకుండా నిలబెట్టిన మనిషిది అయ్యుండాలి. ఇంతకాలంగా వచ్చిన సినిమాలను వరసగా చూస్తే ఈ రెండు షరతులూ ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

ముందు ఫ్రాంకెన్‌స్టైన్ సంగతి చూద్దాం. మేరీ షెల్లీ నవలను ఒక్కరి చేతే చెప్పించలేదు. ఉత్తర ధ్రువం వైపు వెళుతున్న వాల్టన్ అనే ఓడ నాయకుడు తన సోదరికి ఉత్తరాలు రాస్తాడు. ఆ ఉత్తరాల లోపల విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ తన కథ చెబుతాడు. విక్టర్ కథ నడుమన, నవలకు సరిగ్గా గుండెకాయలాంటి చోట, అతను తయారుచేసిన ప్రాణి నోరు విప్పుతుంది. అడవిలో ఒక కుటుంబం ఇంటిని ఆనుకుని ఉన్న కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి చూస్తూ మాటలు నేర్చుకున్నానని, మిల్టన్, ప్లూటార్క్, గోథేలను చదివానని చెబుతుంది. చాలా చక్కగా, తర్కబద్ధంగా మాట్లాడుతుంది. అంటే రాక్షసుడి వైపు నుంచి కథ చెప్పడం అనే ఆలోచన ఈనాటి దర్శకుల సొత్తు కాదు, ఇరవై ఏళ్ల రచయిత్రి 1818లోనే చేసిపెట్టిన పని. దాన్ని చెరిపేసింది తరువాతి వాళ్లు. 1823లో లండన్ రంగస్థలం మీదికి ఈ కథ ఎక్కినప్పుడే ఆ ప్రాణిని మూగవాణ్ని చేశారు. 1931లో యూనివర్సల్ స్టూడియోకు జేమ్స్ వేల్ తీసిన సినిమాలో బోరిస్ కార్లాఫ్ మూలుగుతాడు, గుర్రుమంటాడు, ఒక్క మాట పలకడు. ప్రపంచానికి గుర్తుండిపోయింది ఆ మూగ ఆకారమే. నవలను చదవనివారికి ఆ ప్రాణికి మాటలు వచ్చని కూడా తెలియదు.

వేల్‌ను ఇందుకు తప్పుపట్టడం సులువే కానీ ఆయన సినిమాలో ఒక దృశ్యం చూస్తే ఆ మాట అనబుద్ధి కాదు. చెరువు గట్టున మరియా అనే చిన్నపిల్ల ఒక్కతే ఆడుకుంటూ ఉంటుంది. ఆ ఆకారాన్ని చూసి భయపడదు, చేయి పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టి, చేతిలో పూలు పెడుతుంది. ఇద్దరూ ఒక్కొక్క పువ్వునే నీళ్లలోకి విసురుతారు, పూలు తేలుతాయి. ఆ ముఖంలో మొదటిసారి నవ్వు కనిపిస్తుంది. చేతిలో పూలు అయిపోతాయి. పువ్వులాంటి పిల్ల కూడా తేలుతుందనుకుని ఎత్తి నీళ్లలోకి విసిరేస్తాడు. ఆమె తేలకపోయేసరికి తత్తరపడి పారిపోతాడు. మాట లేకపోయినా ఇక్కడ ప్రేక్షకుడు పూర్తిగా అతని పక్కనే ఉన్నాడు. పాప చనిపోయిందన్న దుఃఖమూ, వాడికి తెలియదన్న దుఃఖమూ కలిసి వస్తాయి. సెన్సార్ వాళ్లు ఈ దృశ్యాన్ని భరించలేక, అతను పిల్ల వైపు చేతులు చాచే చోట కత్తిరించారు. దశాబ్దాల పాటు ప్రేక్షకులు చూసింది ఆ కత్తిరించిన ముక్కనే: చాచిన చేతులు, ఆ వెంటనే ఊరి వీధిలో బిడ్డ శవాన్ని మోసుకొస్తున్న తండ్రి. మధ్యలో ఏం జరిగిందో ఊహించుకోమని వదిలేసేసరికి జనం అంతకంటే ఘోరమైనదే ఊహించుకున్నారు. కొన్ని సెకన్ల ఫిల్ము తీసేస్తే అమాయకుడు కిరాతకుడయ్యాడు. ఒక కథలో మనిషి ఎవరన్నది మనకు ఏ క్షణం దాకా చూపించారన్నదాని మీద ఎంతగా ఆధారపడుతుందో చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తోచదు. 1935లో 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' తీసినప్పుడు వేల్ ఆ ప్రాణికి కొన్ని మాటలిచ్చాడు, ఒక గుడ్డి వృద్ధుడి స్నేహం ఇచ్చాడు. కన్నులేనివాడొక్కడే అతన్ని మనిషిగా చూడగలగడం నవలలోంచి తీసుకున్నదే.

2025లో గీయెర్మో దెల్ తోరో తీసిన సినిమా ఈ వరసలో ఇటీవలిది. కథను ఆయన రెండుగా చీల్చాడు. మంచులో చిక్కుకున్న ఓడలో మొదట విక్టర్ తన వైపు కథ చెబుతాడు, తరువాత ఆ ప్రాణే ఓడ ఎక్కి వచ్చి కెప్టెన్ ఎదుట, విక్టర్ వింటుండగానే, తన వైపు చెబుతుంది. మొదటి సగంలో చాలాసేపు ఆ ప్రాణికి వచ్చిన మాట ఒకే ఒక్కటి, తనను చేసినవాడి పేరు. దాన్ని విక్టర్ మందబుద్ధిగా లెక్కగట్టి విసుక్కుంటాడు. అదే ప్రాణి రెండో సగంలో మాట మీద మాట కూర్చుకుని తన బతుకు చెబుతుంటే, మొదటి సగంలో మనం నమ్మినదంతా కదిలిపోతుంది. నవలలో ప్రాణి చెప్పిందంతా విక్టర్ నోటి మీదుగా, వాల్టన్ కలం మీదుగా మనకు చేరుతుంది. సినిమా ఆ మధ్యవర్తులను తీసేసింది. ఇది నిజమైన మార్పు. కానీ ఇక్కడే నాకొక అభ్యంతరం. నవలలో ఆ ప్రాణి పసివాడైన విలియం గొంతు నులుముతుంది, ఆ నేరం జస్టీన్ అనే నిర్దోషి మీద పడేలా చేస్తుంది, పెళ్లిరాత్రి ఎలిజబెత్‌ని చంపుతుంది. దెల్ తోరో సినిమాలో ఎలిజబెత్ ప్రాణం విక్టర్ తుపాకీ గుండుకే పోతుంది. ప్రాణి చేతులను కడిగేసి మన జాలిని సులభం చేశారు. మేరీ షెల్లీ అడిగినది ఇంతకంటే కష్టమైనది. హంతకుడి మాటను చివరిదాకా విని, వాడి బాధ నిజమేనని ఒప్పుకుని, ఆ పైన చనిపోయిన పసివాణ్ని కూడా మరిచిపోకుండా ఉండమని ఆమె అడిగింది. వైపు మార్చినవాళ్లు నేరాన్ని కూడా మోసుకుపోవాలి, మధ్యదారిలో దించేయకూడదు.

ఇక అదృశ్య మానవుడు. హెచ్.జి. వెల్స్ నవలలో గ్రిఫిన్ అనే శాస్త్రజ్ఞుడు ముఖానికి కట్లు కట్టుకుని ఒక పల్లెటూరి సత్రంలో దిగుతాడు. ఊరివాళ్ల కళ్లతో సగం కథ, తన కాలేజీ నాటి పరిచయస్తుడు కెంప్‌తో అతనే చెప్పుకునేది మిగతాది. 1933లో జేమ్స్ వేలే దీన్నీ తీశాడు. క్లాడ్ రెయిన్స్ గొంతు ఒక్కదానితోనే పాత్రను నిలబెట్టాడు. ఒట్టి ప్యాంటు రోడ్డు మీద గంతులేస్తూ పోయే దృశ్యం చూసి జనం నవ్వారు కూడా. ఈ కథ వెంటబడినవారందరికీ ఆసక్తి ఒక్కటే: కనబడకుండా పోతే మనిషి ఏమేం చేస్తాడు? 2000లో వచ్చిన 'హాలో మ్యాన్' కూడా ఆ ఆసక్తినే పట్టుకుంది. 2020లో లీ వానెల్ తీసిన సినిమాలో ప్రశ్న తిరగబడింది. కనబడనివాడు ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషి పరిస్థితి ఏమిటి? సెసీలియా అనే యువతి తనను చెప్పుచేతల్లో పెట్టుకుని హింసించే భర్తలాంటి సహచరుడి ఇంటి నుంచి అర్ధరాత్రి పారిపోవడంతో సినిమా మొదలవుతుంది. దాదాపు మాటల్లేని దృశ్యం అది. నడుం మీద వేసి ఉన్న అతని చేతిని అంగుళం అంగుళంగా పక్కకు జరపడంలోనే వాళ్ల కాపురం ఎలాంటిదో తెలిసిపోతుంది. అతను చనిపోయాడన్న కబురు తరువాత వస్తుంది. ఆమె నమ్మదు.

ఆ తరువాత దర్శకుడు చేసిన పని చాలా చిన్నది, ఫలితం మాత్రం పెద్దది. సెసీలియా గదిలో ఏదో పనిలో ఉండగా కెమెరా ఆమెను వదిలి నెమ్మదిగా పక్కకు తిరుగుతుంది, ఖాళీ వసారాను చూపిస్తుంది, అక్కడే కాసేపు ఆగుతుంది. అక్కడ ఏమీ లేదు. మళ్లీ ఆమె దగ్గరికి వస్తుంది. ఎవరూ లేని కుర్చీ, తెరిచి ఉన్న తలుపు, గోడ మూల, వీటికి ఫ్రేములో మనుషులకిచ్చినంత చోటు ఇచ్చారు. ప్రేక్షకుడు ఆ ఖాళీని వెతకడం మొదలుపెడతాడు, సరిగ్గా ఆమె వెతుకుతున్నట్టే. చలిరాత్రి ఇంటి బయట ఆమె నిలబడితే, ఆమె వెనక గాలిలో ఇంకొకరి ఊపిరి ఆవిరిగా కనిపిస్తుంది. ఆమె చూడదు, మనం చూస్తాం. అక్కణ్నుంచి ఆమెకు సాక్షులం మనం మాత్రమే. సోదరి నమ్మదు, ఆశ్రయమిచ్చిన స్నేహితుడు అనుమానిస్తాడు, ఆసుపత్రి ఆమెకు పిచ్చి అని ముద్ర వేస్తుంది. అదృశ్యుడు చేసిన హత్య నేరం ఆమె చేతిలో కత్తి రూపంలో మిగులుతుంది. నవలలో శక్తికి గుర్తుగా ఉన్న అదృశ్యత ఇక్కడ సాక్ష్యం లేని హింసకు మరో రూపమైంది. నాలుగు గోడల మధ్య జరిగేదాన్ని బయటివాళ్లకు నిరూపించలేని ప్రతి స్త్రీ కష్టమూ అందులో ఉంది. దర్శకుడు ఆ మాట ఎవరి చేతా ఉపన్యాసంగా చెప్పించలేదు. యూనివర్సల్ సంస్థ తన పాత రాక్షసులందరినీ కలిపి పెద్ద తారలతో, భారీ ఖర్చుతో సినిమాల వరస కట్టాలనుకుని, 2017లో టామ్ క్రూజ్ 'ది మమ్మీ' దెబ్బతినడంతో ఆ ఆలోచన విరమించుకుంది. దానికి భిన్నంగా వానెల్ సినిమాకు అయిన ఖర్చు సుమారు 70 లక్షల డాలర్లు, ప్రపంచవ్యాప్తంగా వచ్చింది 14 కోట్ల డాలర్ల దాకా. డబ్బు కళకు కొలమానం కాదు. అయినా కొత్త చూపుతో చెబితే జనం చూడరన్న నిర్మాతల భయానికి ఆ అంకెలు సమాధానం.

వైపు మార్చడమంటే కెమెరాను పాత్ర కళ్ల దగ్గర పెట్టడమేనని కొందరు అనుకుంటారు. 1931లో రూబెన్ మమూలియన్ 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్' సినిమాను జెకిల్ కళ్లతోనే మొదలుపెట్టాడు. అతని చేతులు, అతని దారి మాత్రమే మనకు కనిపిస్తాయి, అద్దంలో చూసుకున్నప్పుడు గానీ ముఖం కనిపించదు. అద్భుతమైన పనితనం. ఆ కొద్ది నిమిషాల తరువాత సినిమా మామూలు దారిన పడుతుంది. కళ్ల స్థానం ఒకటి, తెలివిడి స్థానం మరొకటి. దీన్ని అందరికంటే బాగా గ్రహించినవాడు 1961లో 'ది ఇన్నోసెంట్స్' తీసిన జాక్ క్లేటన్. హెన్రీ జేమ్స్ 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ'లో దూరపు బంగళాలో ఇద్దరు పిల్లలను చూసుకోవడానికి వచ్చిన ఉపాధ్యాయినికి చనిపోయిన పనివాళ్లు కనిపిస్తారు. దెయ్యాలు నిజమా, ఆమె మనసు పుట్టించినవా అన్న తగువు విమర్శకుల్లో ఈనాటికీ తెగలేదు. క్లేటన్ ఆ తగువును తీర్చడానికి ప్రయత్నించలేదు. చెరువుకు ఆవలి వైపు రెల్లులో నల్లబట్టలతో నిలబడిన ఆడమనిషిని పట్టపగలే చూపిస్తాడు. ఆమెను చూస్తున్న డెబొరా కెర్ ముఖాన్నీ చూపిస్తాడు. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ ఫ్రేము అంచులను చీకటి చేయడంతో ఆమె చూపు ఎంత ఇరుకో మనకు తెలియకుండానే తెలుస్తుంది. దెయ్యాన్ని మనమూ చూశాం, అయినా ఆమెను నమ్మాలో లేదో తేలదు.

నలభై ఏళ్ల తరువాత, 2001లో, అలెహాంద్రో అమెనాబార్ 'ది అదర్స్'లో అదే సరంజామాను బోర్లించాడు. ఇది జేమ్స్ నవలకు అధికారిక రూపం కాదు. కానీ దూరపు బంగళా, ఇద్దరు పిల్లలు, పిల్లలను అతిగా కాపాడే ఒక స్త్రీ, ఏదో దాస్తున్న పనివాళ్లు, అన్నీ అవే. 1945లో జెర్సీ ద్వీపంలో గ్రేస్ అనే తల్లి వెలుతురు పడని పిల్లలను మూసిన కర్టెన్ల వెనక పెంచుతుంటుంది. ఒక తలుపు తాళం వేశాకే రెండోది తెరవాలన్నది ఆ ఇంటి నియమం. ఇంట్లో ఎవరో తిరుగుతున్నారని పిల్లలు చెబుతారు. చివరకు తెలిసేదేమిటంటే చనిపోయినవాళ్లు గ్రేస్, ఆమె పిల్లలే. ఇంట్లో చొరబడ్డారనుకున్న వాళ్లు బతికున్న మనుషులు. సినిమా పొడుగునా మనం దెయ్యం పక్కనే కూర్చుని బతికినవాళ్లకు భయపడ్డాం. దీన్ని కేవలం క్లైమాక్స్ మలుపుగా లెక్కకట్టేవాళ్లు రెండోసారి చూడాలి. రహస్యం తెలిశాక కూడా సినిమా బలం తగ్గదు, సరికదా గ్రేస్ వేసే ప్రతి తాళమూ, చదివించే ప్రతి బైబిలు పాఠమూ తాను చేసిన ఘోరాన్ని తనకే కనబడకుండా దాచుకోవడమని అప్పుడే అర్థమవుతుంది. ఒక్క స్పానిష్ మాట లేని ఈ సినిమాకు స్పెయిన్ తన గోయా ఉత్తమ చిత్ర పురస్కారం ఇచ్చింది.

దెబ్బతిన్న ప్రయోగాలు చూస్తే రెండో షరతు సంగతి తేలుతుంది. 1996లో స్టీఫెన్ ఫ్రియర్స్ తీసిన 'మేరీ రైలీ' కాగితం మీద ఎంతో మంచి ఆలోచన. జెకిల్ ఇంట్లో పనిమనిషి వైపు నుంచి కథ. వాలెరీ మార్టిన్ 1990లో రాసిన నవల దానికి ఆధారం. స్టీవెన్సన్ మూలకథలో పనివాళ్లు భయంతో ఒకచోట ముడుచుకుని ఉండటం, ఒక పనిమనిషి ఏడవడం ఉన్నాయి, కాబట్టి ఆ చోటు మూలంలో ఉన్నదే. అయినా సినిమా నిలవలేదు. కారణం తెలివిడి లెక్క. జెకిల్, హైడ్ ఒకరేనని ప్రేక్షకుడికి ముందే తెలుసు, మేరీకి తెలియదు. ఆమె తెలుసుకునేదాకా మనం చేయాల్సింది ఎదురుచూడటమొక్కటే. మనకు తెలియనిది, ఆమెకు మాత్రమే తెలిసినది ఏదైనా కథలో పెట్టి ఉంటే సినిమా వేరేగా ఉండేది. తండ్రి చేతిలో దెబ్బలు తిన్న ఆమె బాల్యం అందుకు సరిగ్గా సరిపోయే ముడిసరుకు, దాన్ని వెనక్కి నెట్టేశారు. 2015 నాటి 'విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్' సంగతి ఇంకా తేలిక. అది సహాయకుడు ఇగోర్ చెప్పే కథ. నవలలో ఇగోర్ లేనేలేడు. నాటకాలూ సినిమాలూ పోగేసిన పాత్ర అది. లేని మనిషికి చెప్పడానికి తనదైన బాధ ఉండదు, అందువల్ల అతని చూపు మళ్లీ విక్టర్ చుట్టూనే తిరిగింది.

డ్రాక్యులా దగ్గర చిక్కు మరో రకం. బ్రామ్ స్టోకర్ నవల అంతా డైరీలు, ఉత్తరాలు, ఫోనోగ్రాఫ్ రికార్డులు, పత్రికల కత్తిరింపులు. అందరూ రాస్తారు, డ్రాక్యులా తన వైపు కథను ఎక్కడా రాయడు. అలాంటప్పుడు ఆ నోరులేని పాత్రకే కథ అప్పగించాలి కదా అని అడగవచ్చు. కొప్పోలా 1992లో 15వ శతాబ్దపు భార్యా వియోగాన్ని తెచ్చి అతన్ని ప్రేమికుణ్ని చేశాడు. 2014 నాటి 'డ్రాక్యులా అన్‌టోల్డ్' ఇంకా ముందుకు పోయి, ప్రజల కోసం రక్తపిశాచి అయిన త్యాగమూర్తిని చేసింది. కొప్పోలా సినిమాలో దృశ్యవైభవం ఉంది, రెండోదానిలో అదీ లేదు. రెండింటిలోనూ భయం పోయింది. డ్రాక్యులా మౌనం పీడితుడి మౌనం లాంటిది కాదు. కోట ఉన్నవాడు, ధనం ఉన్నవాడు, ఎదుటివారి మనసులోకి దూరగలిగినవాడు సంజాయిషీ ఇవ్వకుండా ఉండటం అది. ఆ మౌనాన్ని నింపితే మిగిలేది దొరగారి సమర్థన. నోరు విప్పలేనివారికీ, విప్పాల్సిన అవసరం లేనివారికీ ఉన్న ఈ తేడాను గమనించకుండా విలన్ బాల్యాన్ని తవ్వే సినిమాలే ఈమధ్య ఎక్కువయ్యాయి. రాక్షసుణ్ని అర్థం చేసుకుంటే భయం చస్తుందని వాదించేవారికి నా జవాబు కూడా ఇదే. ఫ్రాంకెన్‌స్టైన్ ప్రాణిని అర్థం చేసుకున్నకొద్దీ భయం పెరుగుతుంది, ఎందుకంటే ఆ కోపానికి కారణం ఉంది, ఆ కారణంలో మనుషుల పాత్ర ఉంది. చంపేది అర్థం చేసుకోవడం కాదు, నిర్దోషిని చేయడం.

మూలాన్ని ఉన్నదున్నట్టు తీస్తే చాలదా అన్నది ఇంకో అభ్యంతరం. రాబర్ట్ ఎగ్గర్స్ 2024లో తీసిన 'నోస్ఫెరాటు'ను అందుకు ఉదాహరణగా చూపిస్తారు. 1922లో ముర్నౌ అనుమతి లేకుండా డ్రాక్యులాను పేర్లు మార్చి తీశాడు. స్టోకర్ భార్య కోర్టుకెక్కి గెలిచింది, ప్రింట్లు నాశనం చేయమని తీర్పు వచ్చింది, అయినా సినిమా బతికింది. ఎగ్గర్స్ ఆ సినిమా కాలాన్ని, కథాక్రమాన్ని భక్తిగా పాటించాడు, నిజమే. కానీ ఆయన ఎక్కడ మొదలుపెట్టాడో చూడండి. ముర్నౌ సినిమాలో చివర్లో తనను తాను బలి ఇచ్చుకునే ఎలెన్, ఎగ్గర్స్ సినిమాలో మొదటి దృశ్యంలోనే చీకట్లో ఒంటరిగా ఎవరినో పిలుస్తుంది. ఏం రాబోతోందో ఆమెకొక్కదానికే తెలుసు. డాక్టరు ఆమెను మంచానికి కట్టమంటాడు, మత్తుమందు ఇమ్మంటాడు, నిద్రలో కూడా బిగుతు లోదుస్తులు వేయమంటాడు. కథ మారలేదు, కథను ముందుగా తెలుసుకున్న మనిషి మారింది. భక్తి అనుకున్నది కూడా వైపు మార్చడం వల్లే నిలబడింది. పాత కథను ఇలా ముట్టుకోవడం అపచారమన్న మాట తెలుగు పాఠకులకు కొత్తది కాదు. ఓల్గా 'విముక్త'లో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ సీతతో మాట్లాడినప్పుడూ ఆ మాట వినబడింది. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, రామాయణం ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు మన ఇంటి కథకు వద్దాం. దక్షిణాదిలో భయం కథల్లో క్లాసిక్ అనదగ్గది 1993 నాటి మలయాళ 'మణిచిత్రతాళు'. మధు ముట్టం రాయగా ఫాజిల్ తీసిన ఆ సినిమాకు శోభన జాతీయ ఉత్తమ నటి అయింది. 2004లో కన్నడంలో 'ఆప్తమిత్ర', 2005లో తమిళంలో 'చంద్రముఖి', 2007లో హిందీలో 'భూల్ భులయ్యా' దాని నుంచి వచ్చినవే. చంద్రముఖి తెలుగు డబ్బింగ్ ఇక్కడ ఎంత ఆడిందో చెప్పనక్కర్లేదు. ఒక ప్రభువు పరాయి ప్రాంతం నుంచి నాట్యకత్తెను తెచ్చి భవనంలో ఉంచుతాడు. ఆమె మనసు ఎదుటి ఇంట్లో ఉండే నర్తకుడి మీద ఉంటుంది. తమిళ చంద్రముఖిలో రాజు ఆ నర్తకుడి తల నరికి, ఆమెను సజీవంగా కాల్చేస్తాడు. తరాల తరువాత ఆ ఇంటికి వచ్చిన గంగ ఆమెగా మారుతుంది, మానసిక వైద్యుడు నయం చేస్తాడు. ఇందులో ప్రతి భాషలోనూ మారకుండా ఉన్నది ఒకటుంది: నాట్యకత్తె ఎప్పుడూ పరాయి ప్రాంతపు మనిషే. మలయాళంలో ఆమె తంజావూరు తమిళురాలు, హిందీలో బెంగాలీ. తమిళంలో విజయనగరం తెలుగమ్మాయి. 'రారా' పాట తమిళ సినిమాలో కూడా తెలుగులోనే ఉంది.

ఈ సినిమాలన్నీ వైద్యుడి వైపు నుంచే నడుస్తాయి. రహస్యం అతనిది, తెలివి అతనిది, చివరకు విజయం అతనిది. గంగ మనసులో ఏముందో కథ కావాలనే మన నుంచి దాస్తుంది, అనుమానాన్ని ఇంకో ఆడపిల్ల మీదికి మళ్లిస్తుంది. ఒకే ఒక్క చోట ఆ కట్టుదిట్టం సడలుతుంది, అది ఆ నాట్యంలో. బయట నిలబడ్డవాళ్లకు కనిపించేది విరబోసుకున్న జుట్టుతో, చెదిరిన కాటుకతో ఊగిపోతున్న మనిషి. ఆమెకు కనిపిస్తున్నది దీపాల నిండు కొలువు, ఒంటి నిండా నగలు, పక్కన అడుగు కలిపి ఆడే ప్రియుడు. ఒక షాటు అది, ఒక షాటు ఇది. ఆ కొద్ది నిమిషాలు మనం ఆమె లోపల ఉన్నాం. ఈ కథలో అన్నిటికంటే గుర్తుండిపోయేది ఆ పాటే కావడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. క్లైమాక్స్‌లో ఆమె పగ తీర్చడానికి ఒక బొమ్మను రాజుగా చూపించి చంపనిస్తారు. ఇంటివాళ్ల కష్టం తీరింది. చనిపోయిన నాట్యకత్తెకు దక్కింది ఆ బొమ్మే. గంగ జబ్బుకు అది మందు కావచ్చు, కథకు అది న్యాయం కాదు.

కొనసాగింపులు వచ్చినప్పుడైనా ఆమె వైపు తిరుగుతారనుకుంటే, తిరిగింది రాజు వైపు. 2010లో పి. వాసు తెలుగులో తీసిన 'నాగవల్లి'లో వైద్యుడూ వెంకటేశే, రాజూ ఆయనే. 2023లో అదే దర్శకుడి 'చంద్రముఖి 2'లో లారెన్స్‌ది కూడా రెండు కాలాల పాత్రే, కొత్త గతం కట్టింది రాజవేషం వేసినవాడికే. చంపినవాడి చుట్టూ కథ పెరిగింది, చచ్చినామె దెయ్యంగానే ఉండిపోయింది. డ్రాక్యులాకు జరిగిందే ఇక్కడా జరిగింది. అభిమానుల కోసం హీరోకు రెండు వేషాలు ఇవ్వక తప్పదని వ్యాపారం తెలిసినవారు చెప్పవచ్చు. 70 లక్షల డాలర్ల అదృశ్య మానవుడు ఆ వాదనకు కూడా జవాబు చెబుతున్నాడు. పైగా ఈ కథకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒక భవనం, ఎదుట ఒక ఇల్లు, తనది కాని భాష మాట్లాడే మనుషుల మధ్య ఒక ఆడమనిషి చాలు. ఆ గదిలో ఉన్నంతకాలం ఆమె భయపడింది గజ్జెల చప్పుడుకు కాదు, మెట్లెక్కి వచ్చే రాజు అడుగులకు. ఆ అడుగులను ప్రేక్షకుడికి ఆమె చెవులతో వినిపించిన సినిమా ఇక్కడ చెప్పుకున్నవాటిలో ఒక్కటీ లేదు. మన భాషలో పాడుకున్న ఆ విజయనగరం అమ్మాయి కథను ఆమె వైపు నుంచి రాయాల్సింది తెలుగు రచయితలే. చంద్రముఖికి ఇంకో కొనసాగింపు తీయాలనుకునేవారు ఇంకో రాజును వెతకడం మాని ముందు ఆ స్క్రిప్టు రాయించండి.